బోణీ బేరం

ఆ సోమవారం ఉదయం తాయారు చెయ్యి తాయారు మాట వినడం మానేసింది.

రోజూలాగే నాలుగున్నరకి లేచింది. నానిన జయ బియ్యం రుబ్బి, పిండిని జారుగా కలుపుకుంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు పెట్టి మంట చేసింది. ఆరింటిదాకా పూతరేకులకి కావలసిన రేకులు తీస్తూనే ఉంది. పిండిలో గుడ్డ ముంచడం, వేడి కుండ మీద ఆ చివరనుంచి ఈ చివరకి లాగడం, పొరలా లేచిన రేకును తీసి పక్కన పెట్టడం. కళ్ళు మూసుకున్నా ఆగని పని. ఆరు దాటాక తీసిన మొదటి రేకు గుడ్డకే అంటుకుపోయింది. రెండోది కుండ మీద ముద్దయింది. మూడోసారి గుడ్డ చివరలు ఎలా పట్టుకోవాలో తోచక, ఆవిడ తన రెండు చేతుల వంకా మార్చి మార్చి చూసుకుంటూ కూర్చుండిపోయింది.

రాజమండ్రిలో ఉన్న భారతికి ఫోన్ చేసింది. భారతి ఆవిడ అక్క కూతురు. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ ఆ పొయ్యి దగ్గరే గడిపిన పిల్ల.

"ఒసే భారతీ, నా చేతికేదో అయ్యిందే," అంది తాయారు.

పక్షవాతమేమోనని భారతి హడలిపోయింది. మురళీధర్‌కి చెబుదామంటే ఇంట్లో లేడు. ఏదో సామాను దిగుతుందని ఐదింటికే ప్రయోగశాలకి వెళ్ళాడు. కారు తీసి ధవళేశ్వరం బ్యారేజీ దాటి ఆత్రేయపురం చేరేసరికి ఎనిమిదయింది. పక్షవాతం వచ్చిందనుకున్న మనిషి అరుగు మీద కూర్చుని శుభ్రంగా ఉప్మా తింటోంది.

"అన్నం కలుపుకుంటున్నాను, జడేసుకున్నాను, బావిలో నీళ్ళు తోడేను. అన్నీ వస్తన్నాయే. ఆ గుడ్డ పట్టుకుంటే మాత్రం ఎవరిదో చెయ్యి తెచ్చి నాకు అతికించినట్టుంది. ఇదేం రోగమే?"

భారతి ఆవిడ కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుంది. మణికట్టు మీద పట్టీ ఉంది. ఎనిమిది నెలల కిందట తనే కట్టిన పట్టీ. దాని మీద ఎప్పుడూ పచ్చగా వెలిగే చిన్న దీపం ఎర్రగా ఉంది.

ఎర్రగా ఉందంటే సరుకు వెళ్ళిపోయిందని అర్థం. ఆ రంగును ఎంచుకున్నది కూడా భారతే.

*

ఆ పట్టీ ఏమిటో చెప్పాలంటే ఒక ముగ్గు సంగతి చెప్పాలి.

ఆరేళ్ళ కిందట భారతి, మురళీధర్ తమ ప్రయోగశాల గుమ్మంలో మొట్టమొదటి ప్రయోగం చేశారు. అప్పటికి వాళ్ళకి పెళ్ళయి మూడేళ్ళు. చెయ్యి తనకి బాగా అలవాటైన పని చేస్తున్నంతసేపూ, ఆ పని తాలూకు జ్ఞాపకం మెదడులో కాస్త మెత్తబడుతుందనీ, పని అయ్యాక మళ్ళీ గట్టిపడుతుందనీ భారతి కనిపెట్టింది. మెత్తబడ్డ ఆ కాసేపట్లో దాన్ని నరాల దారిన పట్టీలోకి లాగేయవచ్చు. భారతి పట్టీ కట్టుకుని ఎనిమిది రేకుల తామర ముగ్గు వేసింది. ముగ్గు పూర్తయ్యేసరికి ఆ చేతివాటం పట్టీలో ఉంది. పట్టీ మురళీధర్ కట్టుకున్నాడు. జన్మలో ముగ్గుబుట్ట పట్టని మగమనిషి ప్రయోగశాల ముందు కూర్చుని, చుక్క తప్పకుండా తామర ముగ్గు వేశాడు. వీధిలో వాళ్ళు ఆగి చూశారు. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

మర్నాడు భారతి ముగ్గు వేయబోతే చెయ్యి రాలేదు. లాగేసిన చోట ఇక ఏమీ మిగలదని అలా తెలిసింది. ఒకరికి వచ్చిందంటే ఒకరికి పోయినట్టే. కొత్త చేతిలో అది పూర్తిగా గట్టిపడటానికి మూడు రోజులు పడుతుంది. ఆ లోపల అయితే వెనక్కి లాగవచ్చు. తర్వాత లాభం లేదు.

తన ముగ్గు మూడు రోజుల్లోపల వెనక్కి ఇమ్మని భారతి అడగలేదు. అతను ఇస్తానని అనలేదు. ఇప్పటికీ పండగలకి ఆ ఇంట్లో ముగ్గు మురళీధరే వేస్తాడు.

పోతే పోయింది ముగ్గేగా అనుకుంది భారతి. కానీ రేపు ఒకరి బతుకుతెరువే పోవచ్చు కదా. అందుకని 'చేనేర్పు' అనే తమ ఆన్‌లైన్ దుకాణంలో చేతివాటాలు పెట్టినప్పుడు అనుమతి విషయంలో ఆమె పట్టిన పట్టు ఇంతా అంతా కాదు. చేతివాటం ఎవరి పేరున ఉంటే వాళ్ళు చేతిని గుర్తుపట్టే పలక మీద అరచెయ్యి ఆనించి మూడుసార్లు సరే అనాలి. ప్రతి సరేకీ నడుమ పది నిమిషాల వ్యవధి ఉండాలి. చెయ్యి వణికినా, ఎవరైనా బెదిరిస్తున్నా పలక పట్టేస్తుంది. ఈ నిబంధనల్లో వెంట్రుకవాసి మార్చాలన్నా భార్యాభర్తలిద్దరి అరచేతులూ పలకల మీద పడాలి. వృత్తి మానేసిన వాళ్ళు, పిల్లలెవరూ నేర్చుకోని వాళ్ళు తమ పనితనం ఎక్కడో ఒకచోట బతికి ఉంటుందని ఇస్తారని ఆమె ఆశ.

వచ్చిన వాళ్ళు వచ్చారు. ఒకసారి సరే అన్నారు. రెండోసారి కూడా అన్నారు. మూడోదానికి చాలామంది చెయ్యి తీసేసి, మొహమాటంగా నవ్వి, కాఫీ తాగి వెళ్ళిపోయారు. భారతికి అది ముచ్చటగా ఉండేది. మురళీధర్‌కి ఒళ్ళు మండేది. జీతాలు, అద్దె చూసుకునేవాడు అతను.

తాయారు చేతిని అమ్మకానికి పెట్టమని ఎవరూ అడగలేదు. దుకాణం పేజీలో చూపించడానికి నమూనా కావాలని భారతి అడిగితే ఆవిడ పట్టీ కట్టించుకుంది. "ఇది కట్టుకుంటే నీ కొట్టుకి మంచిదంటే కట్టుకుంటాను. అమ్మటం గిమ్మటం మాత్రం నాతో అనకు," అంది. నమూనా కింద ఆ మాటే రాయించింది భారతి: యజమాని అనుమతి లేనిదే అమ్మబడదు.

*

తాయారు ఇంటి అరుగు మీదే భారతి లాప్‌టాప్ తెరిచింది. ఆ రోజు ఆర్డర్ల జాబితాలో మొదటి వరస చదివింది. ఉదయం ఆరు గంటల సున్నా నిమిషాల రెండు సెకన్లు. సరుకు: రేకు తీసే చేతివాటం, తాయారు. డబ్బు చెల్లింది. అనుమతి అనే గడిలో మూడు సరేలు ఉండాల్సిన చోట ఒకే ఒక్క మాట ఉంది. బోణీ.

ఆ మాట దగ్గర భారతి వేలు ఆగిపోయింది. అది తను రాసిందే.

తాయారుకి ఒక పట్టింపు ఉంది. తెల్లవారి గుమ్మంలోకి వచ్చిన మొదటి మనిషిని ఖాళీ చేతులతో పంపదు. అడిగిన ధరకి ఇస్తుంది. వాళ్ళిచ్చిన డబ్బు కళ్ళకద్దుకుంటుంది. నలభై ఏళ్ళుగా అదే తీరు. పెళ్ళయిన కొత్తలో భారతి ఈ సంగతి మురళీధర్‌కి మురిపెంగా చెప్పింది. చేనేర్పులో మొదట పూతరేకుల డబ్బాలు, బెల్లం తాండ్ర లాంటివి మాత్రమే అమ్మే రోజుల్లో పిన్ని మీద ప్రేమతో ఒక చిన్న ఏర్పాటు చేసింది. రోజూ ఆరింటికి దుకాణం తెరిచాక వచ్చే మొదటి ఆర్డరును దేనికీ ఆపకూడదు. డబ్బు చెల్లితే చాలు, సరుకు కదలాలి. దానికి బోణీ అని పేరు పెట్టి మురిసిపోయింది.

తర్వాత చేతివాటాలు కూడా అదే దుకాణంలోకి వచ్చాయి. మూడు సరేల తలుపు అంత గట్టిగా బిగించిన మనిషి, వెనక ఉన్న ఈ చిన్న కిటికీ సంగతే మరిచిపోయింది. మొదటి బేరం తాండ్రా, మనిషి చెయ్యా అని ఆ ఏర్పాటు అడగదు. అడగమని దానికి ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ పొద్దున్నే ఆరింటికి తాండ్ర కొనేవాళ్ళే వచ్చారు గనక ఎవరికీ తెలియలేదు.

ఆమె మురళీధర్‌కి ఫోన్ చేసి ఒక్క గుక్కలో అంతా చెప్పింది.

"పిన్నిగారు ఎలా ఉన్నారు?" అన్నాడు.

"కూర్చుని చేతులు చూసుకుంటోంది. కొన్నదెవరో కనిపించడం లేదు, పేరు దాచిపెట్టారు. నువ్వు అక్కడినుంచి చూడు."

"చూస్తాను. ముందు ఆ కన్నం మూసెయ్ భారతీ. రేపు ఆరింటికి ఇంకొకరి చెయ్యి పోతుంది. మనల్ని నమ్మి నమూనాకని నలభైమంది పట్టీలు కట్టుకుని ఉన్నారు. నా అరచెయ్యి ఇక్కడ పెడుతున్నాను, నీది అక్కడ పెట్టు."

ఆ గాభరాలో కూడా అతనికి ముందు మిగతావాళ్ళు గుర్తొచ్చారని భారతికి గర్వంగా అనిపించింది. సంచిలోంచి ప్రయాణపు పలక తీసి చెయ్యి ఆనించింది. పదకొండు నిమిషాల్లో బోణీ ఏర్పాటును కొట్టేసి, ప్రతి చేతివాటానికీ, ప్రతిసారీ, ఎవరి పేరున ఉంటే వాళ్ళ మూడు సరేలు ఉండాల్సిందేనని రాసింది. పరీక్షించింది. బాగా బిగిసింది.

"మూడు రోజుల టైముంది పిన్నీ," అంది లేస్తూ. "గురువారం పొద్దున ఆరింటిలోపల కొన్నవాళ్ళని పట్టుకుంటే నీ చెయ్యి నీకు వచ్చేస్తుంది."

"వత్తాది లేవే. నువ్వున్నావుగా," అంది తాయారు. ముందు కాఫీ తాగి వెళ్ళమంది.

*

కొన్నది ఎవరో సోమవారం తెలియలేదు. మంగళవారమూ తెలియలేదు. చూస్తున్నానంటూనే ఉన్నాడు మురళీధర్. ప్రయోగశాల వెనకగదికి తాళం వేసి ఉంది. కొత్త సామాను ఇంకా విప్పలేదు, దుమ్ము తగలకూడదు అన్నాడు. బుధవారం మధ్యాహ్నం అతను భోజనానికి వెళ్ళినప్పుడు భారతి నడవలో నిలబడి ఎవరికో ఫోన్ చేస్తోంది. తాళం వేసిన గదిలోంచి చప్పుడు వినిపించింది.

టక్ టక్. కాస్త ఆగి, మళ్ళీ టక్ టక్.

ఆ చప్పుడు ఆమెకి పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తెలుసు. గుడ్డ పిండిలో ముంచే ముందు తాయారు ఉంగరం వేలి కణుపుతో గిన్నె అంచు మీద రెండుసార్లు కొడుతుంది. ఎందుకలా కొడతావని చిన్నప్పుడు అడిగితే, "ఏమోనే, చెయ్యి కొట్టుకుంటాది," అని నవ్వేది.

సొరుగులో ఉన్న రెండో తాళంచెవితో భారతి తలుపు తీసింది. గది మధ్యలో విద్యుత్తుతో వేడెక్కే కుండ ఉంది. దాని ముందు నేలకి బిగించిన రెండు యంత్రపు చేతులు ఉన్నాయి. గిన్నె అంచు మీద రెండు దెబ్బలు కొట్టి, గుడ్డ ముంచి, ఒకే ఒరవడిలో లాగి, రేకు తీసి పేరుస్తున్నాయి. కొంగు అడ్డు రాకుండా తాయారు భుజం కొద్దిగా వెనక్కి ఎగరేస్తుంది. ఆ యంత్రానికి కొంగు లేదు. అయినా భుజం ఎగరేస్తోంది. గోడవారన ఉన్న సామాను డబ్బాల మీద ఒక పెద్ద మిఠాయిల కంపెనీ ముద్ర, కింద చిన్న అక్షరాల్లో భాగస్వామిగా మురళీధర్ పేరు ఉన్నాయి.

అతను వచ్చేసరికి భారతి ఆ కుండ పక్కన నేల మీద కూర్చుని ఉంది.

"గురువారం అయ్యాక చెబుదామనుకున్నాను," అన్నాడు మురళీధర్. తలుపు మెల్లగా వేసి ఆమెకి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. అతని గొంతులో కోపం లేదు, భయం లేదు. పాలసీ అమ్మేవాళ్ళ ఓర్పు ఉంది.

"కొన్నది నువ్వా?"

"కంపెనీ డబ్బు, నా పేరు. చూడు భారతీ, ఎంతమందిని అడిగాం మనం? ఒక్కరు మూడోసారి సరే అన్నారా? పిన్నిగారికి కీళ్ళనొప్పులు మొదలయ్యాయి. ఇంకో ఐదేళ్ళకి ఆ చెయ్యి ఎలాగూ ఆగిపోయేది. ఇప్పుడది ఎప్పటికీ ఆగదు. ఆవిడకి నెలనెలా డబ్బు వస్తుంది, పొగలో కూర్చోనక్కర్లేదు. నేను ఆవిడకి చెడు చేశానంటావా?"

"అడగాల్సింది."

"అడిగితే ఇవ్వరు. నీకూ తెలుసు."

"అడిగితే ఇవ్వరని తెలిసి అడక్కుండా తీసుకుంటే దాన్నేమంటారు?"

భారతి యంత్రం వంక చూసింది. టక్ టక్. ఈ మనిషి ఆ ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ తాయారు పీట వాల్చి, అల్లుడుగారూ అని కొసరి కొసరి వడ్డించేది. నెయ్యి రాయని రేకు అంటే అతనికి ఇష్టమని విడిగా తీసి పెట్టేది. తొమ్మిదేళ్ళు ఒకే కంచంలో తిన్నట్టు బతికిన తనకి అతని చూపులో లెక్కలు నడుస్తున్నాయని తెలియలేదు. భారతికి ఏడుపు రాలేదు. సిగ్గుగా అనిపించింది. పిన్ని పట్టింపు సంగతి ఇతనికి చెప్పిన రాత్రి తను ఎంత ముద్దుగా చెప్పిందో, ఎంత నవ్వారో గుర్తొచ్చి సిగ్గేసింది.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది.

"సోమవారం కన్నం మూసెయ్యమన్నావు," అంది మెల్లగా. "అది తెరిచే ఉంటే మంగళవారం ఆరింటికి పిన్నే మొదటి బేరం చేసేది. తన చెయ్యి తనే కొనుక్కునేది. ఎవరినీ అడగక్కర్లేకపోయేది."

మురళీధర్ కిందికి చూశాడు.

"మిగతావాళ్ళ కోసం కాదు మూయించింది. ఇది తిరిగి వెళ్ళకుండా మూయించావు. నా చేత్తోనే."

"మూయాల్సింది మాత్రం నిజమేగా," అన్నాడు.

నిజమే. అదే ఆమెని కాల్చింది. ఇప్పుడు ఆ చేతివాటం అతని పేరున ఉంది. వెనక్కి రావాలంటే అతను మూడుసార్లు సరే అనాలి. మళ్ళీ కిటికీ తెరవాలంటే అతని అరచెయ్యి పడాలి. ఆమె రాసిన కట్టుదిట్టం అంతా దొంగకి కాపలా కాస్తోంది.

భారతి లేచి పలక తెచ్చి అతని ముందు పెట్టింది.

"సరే అను."

అతను చాలాసేపు పలక వంక చూశాడు. తర్వాత నిజంగానే చెయ్యి ఆనించాడు. "సరే," అన్నాడు. పది నిమిషాలు గడిచాయి. యంత్రం రేకులు తీస్తూనే ఉంది. "సరే," అన్నాడు రెండోసారి. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంతయినా తన మురళి తనకి మిగిలాడేమోనని భారతి ఆశపడింది. ఇంకో పది నిమిషాలు గడిచాయి. అతను పేర్చిన రేకుల వంక చూశాడు. పలుచగా, తెల్లగా, ఒక్క చిరుగు లేకుండా ఉన్నాయి.

మురళీధర్ చెయ్యి తీసేశాడు.

"నా వల్ల కాదు భారతీ," అన్నాడు.

*

ఆమె పోలీసు స్టేషన్‌కి వెళ్ళింది. కన్నం పెట్టింది తనేనని కూడా రాసి సంతకం చేసింది. ఫిర్యాదు రాసుకున్న ఆయన మర్యాదగానే మాట్లాడాడు.

"పోయిన వస్తువేంటమ్మా?"

"మా పిన్ని చెయ్యి."

"ఆవిడకి చెయ్యి లేదా?"

"చెయ్యి ఉందండి. చేతిలో పని పోయింది."

ఆయన కలం ఆపి చాలాసేపు ఆలోచించాడు. ఏ గడిలో రాయాలో పై అధికారిని కనుక్కుని పది రోజుల్లో చెబుతానన్నాడు. ఉన్నది ఒక్క రాత్రి.

గురువారం తెల్లవారుజామున, వెలుగు రాకముందే, భారతి ఆత్రేయపురం చేరింది. తాయారు పొయ్యి ముందు కూర్చుని ఉంది. మంట ఉంది, పిండి ఉంది. పక్కన ముద్దలైన రేకులు గంపెడు ఉన్నాయి. మూడు రోజులుగా తనకి తానే నేర్పుకుంటోంది.

భారతి అంతా చెప్పింది. ఒక్క మాట దాచలేదు. అల్లుడు అనే మాట వచ్చినచోట తాయారు మంటలోకి ఇంకో కొబ్బరాకు తోసింది. వెనక్కి రాదన్నచోట తల ఊపింది. అన్నీ విన్నాక ఒకే ఒక్కటి అడిగింది.

"బోణీ సంగతి ఆ కొట్టుకి నేర్పిందెవరే?"

"నేనే పిన్నీ."

"అల్లుడికి చెప్పింది?"

"నేనే."

తాయారు తిడితే బాగుండునని భారతికి అనిపించింది. ఆవిడ గుడ్డ ముంచి కుండ మీద లాగింది. అది మళ్ళీ ముద్దయింది.

భారతి సంచిలోంచి కొత్త పట్టీ తీసి తన మణికట్టుకి కట్టుకుంది. "నీ చెయ్యి తేలేను. నా చేతిలో ఉన్నది ఇస్తాను. చిన్నప్పుడు నువ్వు నేర్పిందే. మంచిది కాదు, నువ్వెప్పుడూ తిట్టేదానివి. అయినా మొదలంటూ ఒకటి ఉంటుంది."

"ఇచ్చేత్తే నీకు పోదా?"

"పోతుంది."

తాయారు కాసేపు ఆమె మొహంలోకి చూసింది. "నీ ఇష్టం," అంది.

భారతి పొయ్యి ముందు కూర్చుంది. ముప్పై ఏళ్ళ కిందటి పిల్ల తీసినట్టే రెండు రేకులు తీసింది, మందంగా, వంకరగా. పలక మీద చెయ్యి ఆనించి సరే అంది. పది నిమిషాలకి మళ్ళీ సరే అంది. మూడోదానికి చెయ్యి తీసేయబోయి ఆగింది. ఆ చేతిలో ఉన్నది రేకు తీయడం ఒక్కటే కాదు. తన వేళ్ళ మీద పిన్ని వేళ్ళు పెట్టి లాగించిన వేసవి పొద్దులన్నీ ఉన్నాయి. అవి గుర్తుంటాయి గాని చేతికి తెలియవిక. జనం మూడోసారి ఎందుకు చెయ్యి తీసేసేవారో, తనే పెట్టిన ఆ నిబంధన అంటే ఏమిటో, భారతికి మొదటిసారి బోధపడింది.

"సరే," అంది.

పట్టీ విప్పి తాయారుకి కట్టింది. ఆవిడ గుడ్డ ముంచింది. గిన్నె అంచు మీద దెబ్బ కొట్టలేదు. చిన్నప్పటి భారతికి ఆ అలవాటు లేదు. గుడ్డ కుండ మీద జరిగింది, రేకు లేచింది. మందంగా ఉంది. ఎడమ చివర గుడ్డ ముందే ఎత్తేసినట్టు కొస మడతపడింది.

"ఈ పక్క ఆగవే అని ఎన్నిసార్లు చెప్పేను నీకు," అంది తాయారు తన చేతి వంక చూసి. భారతి నవ్వబోయింది. ఆవిడ నవ్వడం లేదు.

తెల్లవారేసరికి పాతిక రేకులు అయ్యాయి. భారతి పక్కన కూర్చుని చూస్తోంది. చేతులు అలా ఎందుకు కదులుతున్నాయో, గుడ్డ ఎక్కడ వదలాలో ఇప్పుడు ఆమెకి అంతుపట్టడం లేదు. ఎవరో తెలియని భాషలో మాట్లాడుకుంటున్నట్టుంది.

గుమ్మం దగ్గర సైకిల్ ఆగింది. లాకుల దగ్గర టీకొట్టు నడిపే అబ్బులు. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటికి పొద్దున్నే వచ్చే మొదటి మనిషి అతనే.

"మూడ్రోజుల్నించి రేకుల్లేవని విని ఇటు రాలేదండి, కంగారు పడ్డాను, ఆయ్. ఓ పది రేకులిప్పించండి."

"లేవు అబ్బులూ," అంది తాయారు.

అబ్బులు తెల్లబోయాడు. పక్కన పేర్చిన రేకులు అతనికి కనిపిస్తూనే ఉన్నాయి. "మరవేటండి?"

"అవి ఉన్నాయి. ఇవ్వను."

"బోణీ అండి."

"అందుకే."

అతను భారతి వంక చూశాడు. భారతి తల దించుకుంది. అబ్బులు చేతిలో నోటు మడిచి మళ్ళీ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఏదో అడగబోయి మానుకుని సైకిల్ తిప్పుకున్నాడు. తాయారు మంట సరిచేసుకుని, ఎడమ చివర ముందే ఎత్తకుండా జాగ్రత్తగా, ఇంకో రేకు తీసింది.

నలభై ఏళ్ళలో ఆవిడ తిప్పి పంపిన మొదటి బోణీ అది.